తలుపు గడియ

కొండదారి తెరిచారని కబురొచ్చింది.
మంచు తవ్విన బుల్డోజరు డ్రైవరే ఫోన్ చేశాడు:
"అబానో కనుమ దాటొచ్చు. తొందర మాత్రం పడకండి."
ఎల్లుండి తెల్లారుజామున అల్వాని నుంచి
ఏడు బళ్ళు బయల్దేరతాయి.
ఏడోది మాది.

గాజ్ అరవై తొమ్మిది.
నాకంటే పదేళ్ళు పెద్దది, నాలాగే
చలికాలం పొద్దున్నే పలకరిస్తే పలకదు.

అక్రోటు చెట్టు కింద బానెట్టు ఎత్తాను.
ఎయిర్ ఫిల్టర్లో ఎలుక గూడు,
మా గొర్రెల ఉన్నితోనే కట్టుకుంది, మెత్తగా, గుండ్రంగా.
పిల్లలు లేవు.
ఉంటే ఏం చేసేదాన్నో తెలీదు.

కార్బురేటర్ విప్పి దుప్పటి మీద పరిచాను.
జెట్లోంచి ఊదితే పెదవి మంట.
ఆ రుచితో మధ్యాహ్నం రొట్టె కూడా పెట్రోలే.
పాయింట్ల సందుకి కొలత అగ్గిపెట్టె అట్ట,
నాన్న కొలిచిన చోటే కొలిచాను.
ముందు పట్టీల్లో మూడో ఆకు విరిగింది.
కమ్మరి జుంబెర్ ఇంకో బండి ఆకుని తెచ్చి
దీనికి ముడిపెట్టాడు.
"ఈ కాపురం ఎన్నాళ్ళుంటుందో చెప్పలేను" అన్నాడు,
డబ్బులు మాత్రం ముందే తీసుకున్నాడు.

బ్రేకుల్లో గాలి తీయాలి.
పెడల్ మీద నా మేనకోడలు తేక్ల, పన్నెండేళ్ళది.
తొక్కు. పట్టు. వదులు.
తొక్కు. పట్టు.
పట్టమంటే వదిలింది.
బుడగ లోపలికి పోయింది, మళ్ళీ మొదటికి.
నాలుగు చక్రాలకీ పొద్దు వాలింది.

ముర్మన్ తన తెల్ల జపాను బండిలో వచ్చాడు, చేతిలో చిట్టా.
టైరుని తన్ని చూశాడు, గుర్రం పళ్ళు చూసినట్టు.
తాడుందా? ఉంది. పార? ఉంది.
పెట్రోలు పంపు మీద ఈ తడిగుడ్డ ఏంటి?
"పైకెక్కే కొద్దీ దీనికి ఎక్కిళ్ళొస్తాయి. చల్లబరచాలి."
నవ్వలేదు. చిట్టాలో రాసుకున్నాడు.
"నువ్వు ఆఖర్న రా.
ఆగిపోతే ఎవరికీ అడ్డం ఉండదు."
అందులో తప్పేం లేదు.
ఆయన వెళ్ళాక ఒక నట్టుని అవసరానికి మించి బిగించి
మర కోసేశాను.

చివరికి డ్రైవరు తలుపు.
దానికి గడియ ఎప్పుడూ పడదు.
ముప్పై ఏళ్ళు నాన్న తోలుపట్టీతో కట్టుకుని నడిపాడు.
పిసినారితనం అనుకునేదాన్ని.
తెలావి సంతలో కొత్త గడియ కొన్నాను, బిగించాను.
టక్.
ఇంత చిన్న చప్పుడు కోసమా ముప్పై ఏళ్ళు!

జున్ను ముద్ద పట్టుకొచ్చిన బబలె అత్త
ఆ టక్ విని ఆగింది.
"ఎవరు చెప్పారే దాన్ని బాగుచెయ్యమని?
అంచు మీద రోడ్డు జారితే
దూకడానికి ఉంచుకున్నాడు వాడు.
ఆ దారిలో ఒక కాలు బయటపెట్టే నడిపేవాళ్ళు అందరూ."

తేక్ల అవతలి సీట్లో కూచుని ఉంది.
"మరి ఇటువైపు తలుపో?"

ఇటువైపు గడియ గట్టిది.
పైన ఇంకో కొక్కెం కూడా, నాన్నే బిగించాడు.
అక్కడ అమ్మ కూచునేది, ఒళ్ళో నేను.

అత్త జున్ను మీద గుడ్డ సర్దింది.
"పిల్ల పడిపోతుందని పెట్టాడు" అంది.
కాసేపాగి,
"అలాగే అనుకున్నాం మేం."

చీకటి పడింది. టార్చి పళ్ళతో పట్టుకుని
కొత్త గడియ విప్పాను.
కొక్కెం తుప్పు పట్టి రాలేదు, రంపంతో కోశాను.
పాత జీను నుంచి రెండో పట్టీ కత్తిరించి
అటొకటి, ఇటొకటి కట్టాను,
ఒక్క లాగుకి ఊడే ముడి.

"లాగు" అన్నాను.
తేక్ల లాగింది. తలుపు ఊగింది.
గడ్డిలోకి దూకి నా వైపు చూసింది.

మళ్ళీ, అన్నాను.
ఈసారి కళ్ళు మూసుకుని.